చలికాలంలో కిటికీలు బార్లా తీయమంటారెందుకు? జర్మనీలో చదివే పిల్లల ఇంటి సంగతులు

కడప నుంచి ఒక అక్క అడిగిన ప్రశ్న ఇది: "మా పాప ఎమ్మెస్ చదవడానికి జర్మనీ వెళ్లి నెల దాటింది. ఫోన్లో నవ్వుకుంటా చెప్పే మాటలు సగం నాకు ఎక్కవు. ఎముకలు కొరికే చలిలో కిటికీలు బార్లా తీయమంటారంట. తిరగవాత పెడితే గదిలో సైరన్ మోగుతుందంట. ఆదివారం ఊరంతా అంగళ్లు మూసేస్తారంట. ఖాళీ సీసాలు అంగడికి మోసుకెళ్తే డబ్బులిస్తారంట. ఇవన్నీ నిజమేనా? వచ్చే ఏడు మా చిన్నోడు కూడా పోతానంటున్నాడు. వాడికి ఏం నేర్పించి పంపాలి?"

పాప చెప్పేవన్నీ నిజమే అక్కా. ప్రతి వింతకూ ఒక కారణముంది. కారణం తెలిసినవాళ్లకు వారంలో అలవాటైపోతాయి, తెలియనివాళ్లకు వాటితోనే డబ్బు పోతుంది. అన్నిటికంటే ముందు ఇంటి గురించి అర్థం చేసుకోవాలి, సగం వింతలు అక్కడే పుడతాయి. మన మిద్దెలు వేడిని బయటికి పంపడానికి కట్టుకున్నవి. కింద కడప బండలు, పైన గవాచి, తలుపు కింద వేలు పట్టే సందు. గాలి దానంతటదే ఆడుతుంటుంది. జర్మనీ ఇల్లు వేడిని లోపలే పట్టి ఉంచడానికి కట్టింది. కిటికీకి రెండు మూడు పొరల అద్దం, చుట్టూ రబ్బరు అంచు, గోడకు బయట మందంగా తొడుగు. మూస్తే చీమ దూరేంత సందు కూడా ఉండదు. లోపలి తేమ లోపలే ఉండిపోతుంది.

ఆ తేమ ఎక్కడి నుంచి వస్తుందంటే మన పనుల నుంచే. అన్నం వార్చినా, కుక్కరు విజిలేసినా, వేడినీళ్ల స్నానం చేసినా, రాత్రంతా ఊపిరి వదిలినా గాలిలోకి నీరు చేరుతుంది. ఒక వాయి తడిబట్టలు గదిలో ఆరేస్తే దాదాపు రెండు లీటర్ల నీళ్లు గాలిలో కలుస్తాయి. ఎండాకాలంలో చల్లనీళ్ల చెంబుకు బయట చెమట పట్టడం చూస్తాం కదా, ఆ గదిలో గోడ మూలలకు జరిగేది అదే. గది 20 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం ఉంటే 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి చోటా నీరు కడుతుంది. కిటికీ అంచు, బీరువా వెనక గోడ, మంచం తలవైపు మూల. రెండు మూడు వారాల్లో అక్కడ నల్లటి బూజు లేస్తుంది. అది మన సాలెగూటి బూజు కాదు, పచ్చళ్ల మీద పట్టే బూజు జాతి. ఊపిరికి మంచిది కాదు. ఇల్లు ఖాళీ చేసే రోజు ఇంటి యజమాని దాన్ని చూపించి అడ్వాన్సులో కోతపెడతాడు. ఆ అడ్వాన్సు, కరెంటు, హీటరు ఖర్చులు కలపని మూడు నెలల అద్దె దాకా ఉండొచ్చని అక్కడి చట్టం. అంటే చిన్న మొత్తం కాదు.

అందుకే కిటికీ తీయమంటారు. తీయడానికీ ఒక పద్ధతి ఉంది. రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కోసారి ఐదు నుంచి పది నిమిషాలు, కిటికీ పూర్తిగా బార్లా తీయాలి. ఎదురుగా ఇంకో కిటికీ ఉంటే అది కూడా. ఆ సేపు హీటరు కట్టేయాలి. ఐదు నిమిషాల్లో గాలి మొత్తం మారిపోతుంది, గోడల్లో, సామాన్లలో ఉన్న వేడి మాత్రం అలాగే ఉంటుంది. కిటికీ మూసిన కాసేపటికే గది మళ్లీ వెచ్చబడుతుంది. కొత్తగా వెళ్లిన పిల్లలు చేసే తప్పు ఏమిటంటే, చలికి భయపడి కిటికీని పైభాగం మాత్రం లోపలికి వాల్చి పొద్దంతా అలాగే వదిలేస్తారు. గాలి సరిగా మారదు, కిటికీ చుట్టూ గోడ మాత్రం ఐసు గడ్డలా చల్లబడి, బూజు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. చలికాలంలో అలా వాల్చి ఉంచడం కంటే పూర్తిగా మూసి, వేళకు పూర్తిగా తీయడమే మేలు. పది యూరోల చిల్లరకు తేమ చూపే చిన్న మీటరు దొరుకుతుంది. 40 నుంచి 60 మధ్య ఉంటే సరే. 60 దాటితే లేచి కిటికీ తీయమని అర్థం.

ఆ కిటికీ పిడి గురించి కూడా చెప్పాలి, ఫోన్లో ఏడుపు వినాల్సొచ్చేది దాని వల్లే. పిడి కిందికి ఉంటే మూసినట్టు. అడ్డంగా తిప్పితే తలుపులా పక్కకు తెరుచుకుంటుంది. పైకి తిప్పితే పైభాగం మాత్రమే లోపలికి వాలుతుంది. కిటికీ తెరిచి ఉండగానే పిడిని పైకి తిప్పితే ఒక మూల ఊడి చేతిమీద పడినట్టు వేలాడుతుంది. అది విరగలేదు, రెండు కీళ్లు ఒకేసారి పనిచేయబోయాయి, అంతే. పై మూలను ఫ్రేముకు ఆనించి గట్టిగా పట్టుకుని, పిడిని మెల్లగా అడ్డానికి తెచ్చి, మూసి, కిందికి తిప్పితే మామూలుగా కుదురుకుంటుంది. పెద్ద కిటికీ అయితే ఒక్కరే చేయకూడదు, బరువు చాలా ఉంటుంది.

హీటరు మీద 1 నుంచి 5 దాకా అంకెలుంటాయి. 5 పెడితే గది త్వరగా వేడెక్కుతుందనుకుంటారు. కాదు. ఆ అంకె వేగం కాదు, ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు. 3 అంటే దాదాపు 20 డిగ్రీలు, ఒక్కో అంకెకు సుమారు నాలుగు డిగ్రీల తేడా. మంచు ముక్క గుర్తు ఉంటే గొట్టంలో నీళ్లు గడ్డకట్టకుండా కాపాడేంత మాత్రమే. 5 మీద పెట్టి, ఉక్కపోస్తే కిటికీ వాల్చి కూర్చునే పిల్లలకు ఏడాది చివర వేడి ఖర్చు లెక్క తేలినప్పుడు అదనంగా కట్టమని ఉత్తరం వస్తుంది. హీటరు ముందు మంచమో బీరువానో అడ్డంగా పెట్టినా, దాని మీద తువ్వాళ్లు ఆరేసినా గది వేడెక్కదు, ఖర్చు మాత్రం అవుతుంది.

ఇంక తిరగవాత. ఇళ్లలో పడకగదికీ, బయటికి పోయే వసారాకూ పొగ పసిగట్టే గుండ్రటి పరికరం పైకప్పుకు పెట్టడం అక్కడ చట్టం. వంటిల్లు వేరుగా ఉంటే మామూలుగా అక్కడ పెట్టరు. విద్యార్థుల గదుల్లో మంచమూ పొయ్యీ ఒకే గదిలో ఉంటాయి కాబట్టి చిక్కు. ఆ పరికరం లోపల చిన్న వెలుతురు కిరణం ఉంటుంది, పొగ రేణువులు అడ్డుపడి వెలుతురు చెదిరితే మోగుతుంది. కుక్కరు ఆవిరి దట్టంగా పోయి తగిలినా దానికి పొగలాగే ఉంటుంది. పొయ్యి పైన చిమ్నీ ఉంది కదా అని ధైర్యపడతారు, కానీ చాలా ఇళ్లలో అది గాలిని బయటికి పంపదు. బొగ్గు జల్లెడ గుండా లాగి మళ్లీ గదిలోకే వదులుతుంది.

మన వంట మానుకోవాల్సిన పనిలేదు, క్రమం మార్చుకుంటే చాలు. గానుగ చెనిక్కాయ నూనె తొందరగా పొగలేస్తుంది, తిరగవాతకు శుద్ధిచేసిన నూనె వాడాలి, గానుగ నూనెను ఊరిబిండిలో, పొడి అన్నంలో పైన వేసుకోవడానికి ఉంచుకోవాలి. ముందు కిటికీ తీసి, చిమ్నీ వేసి, ఆ తర్వాతే బాణలి పెట్టాలి. మంట పూర్తిగా కాకుండా సగానికి ఉంచి, ఆవాలు ఒకటి వేసి చూసి, చిటపటలాడగానే మిగతావి వేసి మూత పెట్టాలి. ఎండుమిరపకాయలు చివర, పొయ్యి కట్టేశాక ఆ వేడికే వేగనివ్వాలి. ఘాటు, దగ్గు, సైరను మూడూ ఎక్కువగా మాడిన మిరపకాయ వల్లే. పొగ నిండిందని గది తలుపు వసారాలోకి తీయడం అన్నిటికంటే పెద్ద తప్పు. గదిలో పరికరం ఆ ఒక్క గదిదే కావచ్చు, వసారాలోది భవనం మొత్తానికీ కలిపి ఉండొచ్చు. అది మోగితే హాస్టలంతా చలిలో బయటికొచ్చి నిలబడాలి, అగ్నిమాపక బండి వస్తే ఆ ఖర్చు కూడా పిల్లల మీద పడొచ్చు. తలుపు మూసే ఉంచి కిటికీ వైపు తువ్వాలుతో విసరాలి. పరికరానికి ప్లాస్టిక్ కవరు కట్టడం, బ్యాటరీ తీసేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలో చేయకూడదు. రాత్రి నిద్రలో ప్రాణం కాపాడేది అదే.

పొయ్యి కూడా వేరు. గ్యాసు మంట చాలా తక్కువ చోట్ల ఉంటుంది. నల్లటి అద్దం పలక ఉంటుంది, అందులో రెండు రకాలు. ఒకటి కింద తీగ ఎర్రబడి వేడెక్కేది, రెండోది ఇండక్షన్. మొదటిదానికి ఏ గిన్నె అయినా పర్వాలేదు కానీ అడుగు చదరంగా ఉండాలి. రెండోదానికి అడుగున అయస్కాంతం అంటుకోవాలి, మన అల్యూమినియం కుక్కరు దానిమీద వేడెక్కనే ఎక్కదు. కట్టేసినా తీగ పలక చాలాసేపు వేడిగా ఉంటుంది, పలక మీది గుర్తు దీపం ఆరేదాకా చెయ్యి పెట్టకూడదు. అన్నం మూడు నిమిషాల ముందే కట్టేసి ఆ వేడికి వదిలేస్తే సరిపోతుంది.

ఆ అద్దం పలక మీద సంగటి కెలకకూడదు. కట్టెతో అదిమేటప్పుడు మనం పెట్టే బలానికి పలక పగిలే ప్రమాదముంది, కొత్త పలక చాలా ఖరీదు. ఒక గ్లాసు బియ్యానికి ఐదు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా ఉడకనిచ్చి, ఒకటిన్నర గ్లాసు రాగిపిండి నడిమధ్యన కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్న సెగ మీద పది నిమిషాలు మగ్గనివ్వాలి. తర్వాత గిన్నెను దించి, నేల మీద మందపాటి గుడ్డ పరిచి, దానిమీద పెట్టి రెండు పాదాలతో ఆనించుకుని కెలకాలి, మన పల్లెల్లో చేసినట్టే. బియ్యానికి బాస్మతి పనికిరాదు, అది విడివిడిగా నిలబడుతుంది. అక్కడ ప్రతి అంగట్లో 'మిల్ష్‌రైస్' అని పాల పాయసం కోసం అమ్మే పొట్టి గింజ బియ్యం చవకగా దొరుకుతుంది, మెత్తగా జిగురుగా ఉడికి సంగటికీ పెరుగన్నానికీ బాగా కుదురుతుంది. రాగిపిండి భారతీయుల అంగళ్లలో దొరుకుతుంది. మామూలు అంగట్లో 'హిర్జె' అని కనిపించేది రాగి కాదు, వరిగ.

పేర్ల దగ్గర పిల్లలు ఇలాగే చాలా మోసపోతారు. 'క్యుమ్మెల్' అంటే జీలకర్ర అనుకుని కొంటారు, అది షాజీరాను పోలిన వేరే గింజ, చారు రుచే మారిపోతుంది. మన జీలకర్ర 'క్రొయిట్స్‌క్యుమ్మెల్'. ఎర్రగా మిలమిలలాడే 'పాప్రికా ఎడెల్‌జ్యూస్' పొడి మిరప్పొడి కాదు, అందులో కారం లేదు, తీపి. 'రోజెన్‌షార్ఫ్' అని ఉంటే కొంచెం కారం, అది కూడా మన నోటికి ఆనదు. కొత్తిమీర లాంటి కట్ట 'పేటర్‌జీలియె', అంటే పార్స్లీ ఆకు కావచ్చు, వాసన చూసి కొనాలి. పెరుగుకు 'నాటూర్‌యోగుర్ట్' 3.5 శాతం వెన్నది తీసుకుంటే తోడుకు కూడా పనికొస్తుంది. నెయ్యి బదులు 'బుటర్‌ష్మాల్ట్స్' ఉంది, అది కాచిన వెన్నే. దోసెపిండి చలికాలంలో పులియకపోతే, ఓవెన్‌ వేడి చేయకుండా లోపలి బల్బు మాత్రం వెలిగించి రాత్రంతా అందులో పెడితే పొద్దుటికి పొంగుతుంది.

స్నానాల గది గురించి చిన్నోడికి గట్టిగా చెప్పి పంపండి. మన స్నానాల గదిలో నేలంతా వాలుగా ఉండి ఎక్కడ నీళ్లు పోసినా తూముకు పోతాయి. అక్కడ చాలా ఇళ్లలో తూము షవరు కింద పళ్లెంలో మాత్రమే ఉంటుంది. బయట నేలకు తూమే లేదు. బకెట్, చెంబు పెట్టుకుని నేల మీద కూర్చుని తలంటుకుంటే ఆ నీళ్లు బండల సందుల్లో దిగి కింది ఇంటివాళ్ల పైకప్పు తడిసిపోతుంది. చెంబు స్నానమైనా సరే, తెర మూసి ఆ పళ్లెం లోపలే చేయాలి. నేల మీద నీళ్లు పడితే వెంటనే తుడవాలి. పొడుగు జుట్టు, కొబ్బరినూనె, సున్నిపిండి మూడూ కలిస్తే తూములో ముద్దకట్టి నీళ్లు నిలుస్తాయి. రెండు యూరోల జల్లెడ తూము మీద పెట్టి, స్నానం కాగానే జుట్టు తీసి చెత్తలో వేస్తే చాలు. మరుగుదొడ్డిలో నీళ్ల గొట్టం ఉండదు కాబట్టి ముక్కు పొడుగున్న చిన్న ప్లాస్టిక్ చెంబు సామాన్లలో పెట్టండి, అడిగి మరీ కొనుక్కునే వస్తువు అది. వెళ్లిన నెలలోనే 'హాఫ్ట్‌ఫ్లిష్ట్' అనే భీమా తీసుకోమనండి. ఎదుటివాళ్ల ఇంటికో వస్తువుకో మన వల్ల నష్టమైతే అది కడుతుంది. నెలకు కొద్ది యూరోలే.

ఆదివారం అంగళ్లు మూయడం ఈ నాటిది కాదు. ఆదివారమూ పండగలూ విశ్రాంతి దినాలని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాసిన మాటనే ఇప్పటి జర్మనీ రాజ్యాంగం 140వ అధికరణం ద్వారా అలాగే ఉంచుకుంది. పెద్ద రైల్వేస్టేషన్లలో అంగళ్లు, పెట్రోలు బంకులు, పొద్దున కొన్ని గంటలు రొట్టెల అంగళ్లు తెరుస్తారు. మందుల అంగళ్లు వంతులవారీగా ఒకటైనా ఉంటుంది. కాబట్టి సరుకులు శనివారం సాయంత్రానికే ఇంట్లో ఉండాలి. పండగ కలిసొస్తే ఇంకా జాగ్రత్త. డిసెంబరు 25, 26 రెండూ సెలవులే, 24న మధ్యాహ్నానికే అంగళ్లు మూసేస్తారు. 2026లో 25 శుక్రవారం, 26 శనివారం, 27 ఆదివారం. వరసగా మూడు రోజులు. బియ్యం, బేడలు, పాలు, ఎర్రగడ్డలు 23నే తెచ్చుకోవాలి. ఇంకో సంగతి, ఆదివారం చప్పుడు చేయకూడదు. గోడకు మేకు కొట్టడం, సీసాలు చెత్తడబ్బాలో వేయడం లాంటివి ఆ రోజు వద్దు. మామూలు రోజుల్లో కూడా రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్ద వేళ. ఊరిబిండి మిక్సీలో పట్టాలన్నా, పెద్దగా ఫోన్ మాట్లాడాలన్నా పదిలోపే. గోడలు పలచన, పక్కింటివాళ్లు గోడ తడితే అది పలకరింపు కాదు.

సీసాల డబ్బు సంగతి పాపకు నచ్చి ఉంటుంది. దాన్ని 'ఫాండ్' అంటారు, అంటే పూచీ డబ్బు. ఒకప్పుడు మన అంగట్లో గాజు సీసాలో కూల్‌డ్రింకు తాగితే సీసా ఇచ్చి పొమ్మనేవాళ్లు కదా, అదే పద్ధతి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకూ డబ్బాకూ 25 సెంట్లు, మళ్లీ నింపే గట్టి నీళ్ల సీసాలకు 15, చాలా బీరు సీసాలకు 8. ఆరు నీళ్ల సీసాల కట్ట కొంటే బిల్లులో ఒకటిన్నర యూరో అదనంగా కనిపించేది అందుకే. అంగడి లోపలి యంత్రంలో ఒక్కొక్కటీ వేస్తే గీతల గుర్తు చదివి, చివర చీటీ ఇస్తుంది. ఆ చీటీ కౌంటరులో ఇస్తే సరుకుల బిల్లులో తగ్గిస్తారు, లేదా చేతికిస్తారు. సీసా నలిపినా, కాగితం చింపినా యంత్రం తీసుకోదు. పచ్చడి సీసా, నూనె సీసా, వైను సీసాలకు ఈ డబ్బు లేదు, వాటిని వీధి మూలనున్న గాజు డబ్బాల్లో తెలుపు, ఆకుపచ్చ, గోధుమరంగు వేరుచేసి వేయాలి. రోడ్డు మీద తాగి ఇంటికి మోసుకెళ్లడం ఇష్టంలేకపోతే సీసాను చెత్తబుట్ట లోపల కాక పక్కన నిలబెడతారు. ఏరుకుని బతికేవాళ్లు చెయ్యి పెట్టి వెతక్కుండా తీసుకుపోతారు. పిల్లలు తప్పక నేర్చుకోవాల్సిన మంచి అలవాటు అది.

అసలు నీళ్లు కొనాల్సిన అవసరమే తక్కువ. కొళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. 'కైన్ ట్రింక్‌వాసర్', అంటే తాగే నీళ్లు కావు అని రాసిన చోట మాత్రం తాగకూడదు. మన అనంతపురం పల్లెల్లో ఫ్లోరైడు భయంతో క్యాను కొనేవాళ్లకు మొదట నమ్మకం కుదరదు, నమ్మొచ్చు. చాలా ఊళ్లలో సున్నం ఎక్కువ, అది ఆరోగ్యానికి చెడ్డది కాదు కానీ నీళ్లు కాగే కెటిల్‌కు తెల్లగా పొర కడుతుంది. నెలకోసారి చెంచా నిమ్మ ఉప్పు వేసిన నీళ్లు పోసి అరగంట ఉంచి కడిగితే పోతుంది. సీసా కొంటే 'ష్టిల్' అని ఉన్నది తీసుకోవాలి. 'క్లాసిక్', 'మీడియం' రెండూ సోడాలే. దప్పికతో గటగటా తాగబోయి ముక్కులోకి పోయే అనుభవం కొత్తవాళ్లలో చాలామందికి అదే.

తపాలా పెట్టె మీద పేరు తప్పకుండా ఉండాలి, దానికి కారణముంది. అక్కడ ఫ్లాటు నంబరు చూసి ఉత్తరం వేయరు, పెట్టె మీదా కాలింగ్ బెల్ మీదా ఉన్న పేరు చూసి వేస్తారు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు, దాని రహస్య నంబరు, ఆరోగ్య భీమా కార్డు, పన్ను నంబరు అన్నీ తపాలాలోనే, అది కూడా వేర్వేరు కవర్లలో వస్తాయి. దిగిన రోజే తెల్ల కాగితం మీద ఇంటిపేరు రాసి అతికించాలి. స్నేహితుడి చిరునామాకు తెప్పించుకుంటే ఆ పెట్టె మీద కూడా మన ఇంటిపేరు ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటే ప్రతి దరఖాస్తులో చిక్కొస్తుంది. చిన్నోడిది అలా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా ఆ ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేయాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. అక్కడ అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం కాబట్టి వెళ్లకముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి. నమోదయ్యాక రేడియో, టీవీ రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది, నెలకు 18.36 యూరోలు. టీవీ లేదు కదా అని పక్కన పడేయకూడదు. అది మనిషికి కాదు, ఇంటికి. నలుగురు కలిసి ఉంటే ఒక్కరు కడితే చాలు, మిగతావాళ్లు ఆ నంబరు రాసి పంపాలి. పసుపు కవరు వస్తే అది ప్రభుత్వ ఉత్తరం, కవరు మీద రాసిన తేదీ నుంచే గడువు లెక్క. కవరు పారేయకూడదు.

మార్కుల గురించి మీరు కంగారు పడకండి. పాప "1.3 వచ్చింది" అంటే అది చాలా మంచి మార్కు. 1.0 అన్నిటికంటే పైన, 4.0 దాటితే తప్పినట్టు. చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక పరీక్షకు మూడు అవకాశాలే ఉంటాయి. మూడోదీ తప్పితే ఆ కోర్సు అంతటితో ఆగిపోతుంది. మన దగ్గరలా బ్యాక్‌లాగులు పోగేసి చివర్లో రాసే అలవాటు అక్కడ పనికిరాదు. క్లాసు 10 గంటలకు అని రాసి పక్కన 'సి.టి.' అని ఉంటే 10:15కు మొదలు, 'ఎస్.టి.' ఉంటే సరిగ్గా 10కే. అయిపోయాక చప్పట్లు కొట్టరు, బల్ల మీద వేళ్ల ముడులతో తడతారు. 'హాల్ప్ ద్రై' అంటే మూడున్నర కాదు, రెండున్నర. 21ని 'ఒకటీ ఇరవై' అని చదువుతారు కాబట్టి ఫోన్ నంబర్లు చెప్పేటప్పుడు విడివిడి అంకెలు అడగడం మేలు. స్నేహితులకు పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్కరోజు ముందు కూడా చెప్పకూడదు, కీడని నమ్ముతారు. రోడ్డు ఖాళీగా ఉన్నా ఎర్రదీపం ఉంటే నడిచేవాళ్లు ఆగుతారు. దాటితే 5 యూరోల జరిమానా, పక్కన చిన్నపిల్లలుంటే పెద్దవాళ్ల కోపం కూడా. టికెట్ లేకుండా పట్టుబడితే 60 యూరోలు. కాగితం టికెట్ కొని ముద్ర వేయించకపోయినా లేనట్టే లెక్క.

జ్వరమొస్తే వైద్యుడు టీ తాగి పడుకోమనడం మామూలే. యాంటీబయాటిక్ మందులు చీటీ లేనిదే ఇవ్వరు. ప్రాణాపాయమైతే 112, రాత్రివేళ వైద్యుడు కావాలంటే 116117. ఈ రెండు నంబర్లూ ఫోన్లో ఎక్కించి పంపండి.

సామాన్లలో ఏం పెట్టాలో కూడా చెబుతాను. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి పెట్టకండి. ఐరోపా సమాఖ్య బయటి నుంచి పాలు, మాంసం, వాటితో చేసినవి ప్రయాణికులు తేకూడదు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకుకు కూడా మొక్కల ఆరోగ్య పత్రం లేకపోతే అనుమతి లేదు. కరివేపాకు పొడి, పప్పుల పొడి, చెనిక్కాయ పొడి, గోంగూర, ఉసిరికాయ పచ్చళ్లు పెట్టొచ్చు. నూనె కారకుండా కవరు మీద కవరు వేసి, చేతిసంచిలో కాకుండా పెద్ద పెట్టెలో సర్దాలి. చదర అడుగున్న, అయస్కాంతం అంటుకునే మూడు లీటర్ల స్టీలు కుక్కరు ఒకటి, దానికి అదనంగా రెండు రబ్బర్లు, ఒక వెయిటు, ఒక సేఫ్టీ వాల్వు. అక్కడ మన కుక్కరు రబ్బరు దొరకక మంచి కుక్కరు మూల పడేసేవాళ్లు చాలామంది. చిన్న మిక్సీ పెట్టొచ్చు. కరెంటు 230 వోల్టులే, మన లాంటిదే. కానీ మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో దిగదు. ఎర్తు ఉన్న మార్పిడి ప్లగ్గు ఒకటి, మన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి ఉంటే ఫోను, ల్యాప్‌టాప్, మిక్సీ అన్నీ దాని మీదే నడుస్తాయి. కెటిల్, హీటరు లాంటివి మాత్రం అక్కడివే కొని నేరుగా గోడకు పెట్టాలి.

ఇంక మీరు ఫోన్ చేసే వేళ. అక్కడ మార్చి చివరి ఆదివారం గడియారాలు గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. ఎండాకాలంలో మనకంటే మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటారు. మీరు పొద్దున ఏడున్నరకు పాలు కాచుకుంటూ ఫోన్ చేస్తే చలికాలంలో పాపకు తెల్లవారుజాము మూడు గంటలు. రాత్రి తొమ్మిదికి చేయండి, అక్కడ సాయంత్రం నాలుగున్నర అవుతుంది.